ఫాలో జింకలు

మొన్న కడెం నుంచి నిర్మల్‌కు షేర్ ఆటోలో వస్తుంటే దారిలో ఎవరో ఒక మేకపోతును ఎక్కించారు. మంచి వయసు మీదున్న పోతు. గడ్డం తడిసి అట్టలు కట్టింది, ఒళ్ళంతా ఘాటు వాసన. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, డ్రైవరు సగం తల బయట పెట్టి నడిపాడు. నేను మాత్రం కదలకుండా కూర్చుని ఆ వాసనను ఊపిరి నిండా పీల్చుకున్నాను. ఎదుటి సీటాయన నాకు ముక్కు పనిచెయ్యదని జాలిపడి ఉంటాడు. నాకు తెలిసి ఆ వాసన మేకపోతుది కాదు. దోహాకు ఉత్తరాన, ఇసుక మధ్యలో, ఒక షేకు తోటలో కంచె వెనక పెరిగిన మగజింకలది. ఎండలు కాస్త తగ్గి వాటికి మదమెక్కే రోజుల్లో, గాలి అటునుంచి వీస్తే మా రేకుల గది దాకా ఇదే వాసన వచ్చేది. అది ముక్కుకు తగిలితే చాలు, యాకూబ్ చిచ్చా గుర్తొస్తాడు. ఆయన గుర్తొచ్చిన వెంటనే నా కడుపులో పాత మంట కూడా లేచి కూర్చుంటుంది.

అసూయ అనే మాటను మనవాళ్ళు ఎందుకో తమది కానట్టు పలుకుతారు. అది ఎప్పుడూ ఎదుటివాడికే ఉంటుంది. నాకు ఆ మొహమాటం లేదు. నేను పుట్టు కుళ్ళుబోతును. చిన్నప్పుడు మా అమ్మ అన్నం పెడుతుంటే నా కంచం వదిలి మా అన్న కంచంలోకి చూసేవాణ్ణి. అయితే ఆ గుణం నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఎవరి దగ్గరంటే, చుట్టమూ కాదు, పక్కమూ కాదు, నిర్మల్‌లో లాగూలు కుట్టుకునే ఒక దర్జీ, ఈ యాకూబ్ చిచ్చా దగ్గర. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలనే ఇది రాస్తున్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో నాలుగు తిట్లు తిడితే ఏమీ అనుకోవద్దు.

నేను దోహాకు పోయింది సెంట్రింగ్ పనికి. డెబ్బైల చివరి రోజులవి. చమురు డబ్బు పొంగుతోంది. మట్టిగోడల ఇళ్ళను కూలగొట్టి మేడలు లేపుతున్నారు, లేచిన మేడ రంగు ఆరకముందే పక్కన ఇంకోటి మొదలవుతోంది. మా ఊరివాళ్ళకు మాత్రం అదంతా దుబాయే. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా, “అది దుబాయ్‌ల ఏ దిక్కు ఉంటది?” అని అడిగేవారు. మా కంపెనీ యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన ఈడు షేకులు కార్లు కొంటే, డేగలు కొంటే, ఈయనకు జింకల మీద మనసు పోయింది. యూరప్ నుంచి విమానంలో చెక్కపెట్టెల్లో తెప్పించి తన తోటలో కంచె వేయించాడు. తోటను అక్కడ మజ్రా అంటారు. ఒకరోజు క్యాంప్ బాస్ మా గదికి వచ్చి, జంతువుల సంగతి తెలిసినవాడు ఎవడున్నాడని అడిగాడు. నేను చెయ్యెత్తాను. మాది జన్నారం అడవి అంచున ఊరు. చుక్కల దుప్పులు మా మక్కచేలల్లో పడి మేసి పోతుంటే డబ్బాలు కొట్టి తరిమినవాణ్ణి. నాకు తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుందని నా ధీమా.

మజ్రాకు పోయి చూస్తే అక్కడ నాకంటే ముందు ఒక మనిషి ఉన్నాడు. సన్నగా, కాస్త వంగి, మెడలో కొలత టేపు వేలాడేసుకుని ఉన్నాడు. అడవి మొహం చూసిన మనిషి కాదు. కంపెనీ యూనిఫాంలు కుట్టడానికి నిర్మల్ నుంచి వచ్చిన దర్జీ. జింకలకు నీడ కోసం పెద్ద పెద్ద టార్పాలిన్లు అతికి కుట్టాల్సి వస్తే ఆయన్ని అక్కడికి పంపారు. కంచె లోపలే ఒక మూల వాటికి వీపు పెట్టి కూర్చుని, రోజుల తరబడి తలెత్తకుండా కుట్టాడట. మొదట దూరంగా నిలబడి చూసిన జింకలు మెల్లగా దగ్గరికొచ్చి చొక్కా వాసన చూశాయట, తర్వాత దారం నమలడం మొదలుపెట్టాయట. కుట్టుపని అయిపోయింది. జింకలు ఆయన్ని వదల్లేదు. అర్బాబ్ అది చూసి, ఇక నువ్వు ఇక్కడే ఉండమన్నాడు. అలా టేపు మెడలో ఉండగానే దర్జీ కాస్తా జింకల పెద్దమనిషి అయ్యాడు. నాకు మొదటిరోజే ఒళ్ళు మండింది.

వాటి పేరు ఫాలో డీర్ అని క్యాంప్ బాస్ చెప్పాడు. మాకు తెలిసిన ఇంగ్లీషు సైటు ఇంగ్లీషు. ఇంజనీరు ముందు నడుస్తూ ‘ఫాలో మీ’ అనేవాడు, మేం వెనక నడిచేవాళ్ళం. కాబట్టి ఫాలో డీర్ అంటే మనిషి వెంట వచ్చే జింక అని మేమందరం ఖాయం చేసుకున్నాం. చాలా కాలం తర్వాత ఒక పశువుల డాక్టరు, ఆ మాటకు వెంట రావడంతో సంబంధమే లేదనీ, లేత గోధుమ వన్నె అని అర్థమనీ చెప్పాడు. నేను నమ్మలేదు. ఎలా నమ్మాలి? రోజూ ఎండ ముదరకముందు యాకూబ్ చిచ్చా బకెట్లో గుప్పెడు బార్లీ వేసుకుని, బయటి దొడ్డి నుంచి నీడ దొడ్డికి నడిచేవాడు. ఆడజింకలు ఒకదాని వెనక ఒకటి తోకలాడిస్తూ ఆయన వెంట బారుగా నడిచేవి. ఆ తోకలు మా దుప్పుల తోకలకంటే పొడుగు, నడుమ నల్లటి చార, ఒక్క క్షణం ఆగేవి కావు. బారు చివర మగవి కొమ్ములు ఊపుకుంటూ వచ్చేవి. మా దుప్పి కొమ్ములు కొమ్మల్లా చీలితే, వీటివి పైకి పోయి చాపిన అరచెయ్యిలా వెడల్పయ్యేవి. అదే బకెట్టు పట్టుకుని అదే దారిన నేను నడిస్తే నా నీడ తప్ప ఏదీ వెంట రాలేదు.

“పేరే ఫాలో డీర్ కద చిచ్చా,” అని ఒకరోజు అడిగేశాను. “ఎంబడి వచ్చే జింకలాయె. నా ఎంబడి ఎందుకు రావు?”

“పేరు మనం వెట్టినం. వాటికెవరు చెప్పిన్రు రా?” అని నవ్వాడు. తర్వాత నా భుజాలు పట్టుకుని దారివైపు తిప్పాడు. “మర్లి చూడకు లింగా. ఇంత దూరం నడుస్తవు, గిర్రున మర్లి చూస్తవు. వాటి కండ్లు మస్తు తేజ్. నీ ముఖం కనపడంగనే అక్కడికక్కడ నిలబడ్తయి.”

“చూడకుంటే వస్తున్నయో లేదో ఎట్ల తెలుస్తది?”

“రాకుంటే రాలె. నీ నడక నువ్వు నడువు.”

ఆయనకేం, చెబుతాడు. వెనక బారు తీరి వస్తున్నవాడికి వెనక్కి చూడాల్సిన అవసరమేముంది? నేను పళ్ళు బిగించి, మెడ బిగించి నడిచేవాణ్ణి. వీపు వెనక గిట్టల చప్పుడు వినిపించిందా, ఒళ్ళంతా చెవులయ్యేది. అది మెత్తటి ఇసుక, చప్పుడు ఆగినట్టే ఉండేది. ఒక్కసారి చూస్తే ఏం పోతుందని తల తిప్పేవాణ్ణి. అంతే, అన్నీ మెడలు నిక్కించి రాళ్ళలా నిలబడేవి. ఒకటి ముందుకాలు నేలకేసి కొట్టేది. ఇంకోటి కుక్క దగ్గినట్టు ఒక్క అరుపు అరిచేది. ఆ తర్వాత నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడిచి, రబ్బరు బంతుల్లా ఎగురుకుంటూ వెనక్కి పోయేవి. చిచ్చా కంచె దగ్గర నిలబడి టేపు కొసను వేలికి చుట్టుకుంటూ, “మర్లి చూసినవ్,” అనేవాడు. తిట్టేవాడు కూడా కాదు. తిడితే బాగుండేది.

ఆ ఏడు వేసవి పోయాక నన్ను మళ్ళీ కొన్నాళ్ళు సైటుకు అప్పిచ్చారు. దోహాలోనే ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఏదో మేడకు స్లాబు పని తొందరైంది. చలికాలం వచ్చాక తిరిగి మజ్రాకు పోయాను. బండి దిగి కంచె పట్టుకుని చూశాను. లోపల నేను వదిలిపోయిన జింకలు లేవు. తెల్ల చుక్కల జింకల చోట ఒక్క చుక్క లేకుండా, బూడిద కలిసిన మట్టిరంగులో ఏవో జంతువులు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, నా బకెట్టు పట్టుకుని, నేనెన్నడూ చూడని ఒక మనిషి. మెట్‌పల్లి దిక్కువాడు, పేరు పోశెట్టి. సైట్లో ఇటుకలు మోసేవాడట, నేను లేనని నా బదులు తెచ్చారట. నా ఈడువాడే, గుండ్రటి మొహం, ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండే నోరు. నేను గావుకేక పెట్టాను.

“నా దుప్పులేవి? ఎవనికి అమ్మిన్రు? చుక్కలవాటిని అమ్ముకొని గివ్వేంటియి తెచ్చి నిలబెట్టిన్రు?”

పోశెట్టి బకెట్టు కింద పెట్టి బిక్కమొహం వేశాడు. చిచ్చా నీడలోంచి లేచి వచ్చాడు. సంగతి అర్థమయ్యాక కంచె పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. “అరె, చలికోటు తొడిగినయ్ రా! ఎండకాలం చుక్కలంగీ, చలికాలం సాదా కోటు. మీ అడివి దుప్పుల లెక్క గావు ఇవి.” మా దుప్పికి పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా చుక్కలు పోవు. జన్నారంవాడు ఎవడైనా నాలాగే అరిచేవాడు. కానీ మజ్రాలో ఆ సంగతి ఎవరికి పట్టింది? కొన్ని నెలలపాటు నేను ఎటు పోయినా, మాలీల నుంచి వంటవాడి దాకా, “లింగన్నా, నా దుప్పులేవి?” అని పలకరించేవారు. అందులో ‘నా’ అనే అక్షరాన్ని సాగదీసి అనేవారు. నన్ను ఎక్కువ కోసింది ఆ అక్షరమే.

అంతకంటే పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. పొద్దున్నే బకెట్టు తీసుకుని నడిచింది చిచ్చా కాదు, పోశెట్టి. ఏదో కూనిరాగం తీసుకుంటూ, దారిలో చెప్పులో ఇసుక దులుపుకుంటూ, వెనక ఏముందో తనకు పట్టనట్టు నడిచాడు. జింకలన్నీ బారు తీరి వాడి వెంట పోయాయి. అడవి తెలియదు, దుప్పి తెలియదు, గడ్డిలో దాక్కున్న పిల్లను తాకకూడదని చిచ్చా చెబితే తప్ప తెలియనివాడు. వాడి వెంట పోయాయి. నేను చిచ్చా మొహం చూశాను. ఆ మొహంలో ఉన్న తృప్తిని నా కోసం ఎన్నడూ చూడలేదు. ఆ చలికాలంలోనే పోశెట్టికి చిచ్చా స్వయంగా ఒక చొక్కా కుట్టిపెట్టాడు, కాలరూ జేబులూ అన్నీ పెట్టి. అంతకుముందు నాకు కుట్టిందేమిటంటే, పాత ప్యాంటు మోకాలికి ఒక అతుకు. అతుకు కూడా వేరే రంగు గుడ్డది.

ఆ ఏడంతా నాకు ఒకటే పట్టుదల. చిచ్చా ఇంటికి సెలవు మీద పోయే రోజు ఒకటి వస్తుంది. పోయేముందు దొడ్డి తాళాలు ఎవరో ఒకరి చేతిలో పెడతాడు. అవి నా చేతిలో పెట్టాలి. పోశెట్టి చేతిలో పెడితే నేను బతికి దండగ. దాని కోసం జత్ అనే మేతగడ్డి ముందు నేనే కోసేవాణ్ణి, నీళ్ళ తొట్లు ముందు నేనే కడిగేవాణ్ణి. తొట్టి దగ్గర పెద్దవి ఏ చిన్నదాన్ని నెట్టేస్తున్నాయో, ఏది మేత దొరక్క పక్కన నిలబడిందో అందరికంటే ముందు నాకే కనపడేది. ఎవరికి ఎక్కువ దక్కింది, ఎవరికి తక్కువ దక్కింది అన్నది చూడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. చిచ్చా ఒకసారి అది గమనించి, “నీ కన్ను మంచిది లింగా,” అన్నాడు. ఆ ఒక్క మాట మీద నేను నెల రోజులు బతికాను. తర్వాత ఆయన పోశెట్టితో కూడా, “నీ చెయ్యి మంచిది,” అన్నాడని తెలిసింది.

మళ్ళీ ఎండలు తగ్గే కాలం వచ్చింది. అన్నిట్లో పెద్ద మగజింకకు మదమెక్కింది. పేర్లు పెట్టొద్దని చిచ్చా హెచ్చరించినా మేం దాన్ని పెద్దోడు అనేవాళ్ళం. వేసవంతా మగవి వేరుగా, ముచ్చట్లాడుకునే ముసలివాళ్ళలా కలిసి తిరుగుతాయి. వాటి కొమ్ముల మీద మెత్తటి తోలు ఉంటుంది. ఈ కాలం రాగానే ఆ తోలు పేలికలు పేలికలుగా ఊడిపోతుంది, స్నేహాలూ ఊడిపోతాయి. పెద్దోడి మెడ ఉబ్బింది. కాలితో, కొమ్ముతో నేల తవ్వి గుంట చేసి, అందులో ఉచ్చ పోసి, అందులోనే పొర్లేవాడు. ఆ వాసనతో దొడ్డి దొడ్డంతా దద్దరిల్లేది. పగలంతా గురకా త్రేన్పూ కలిసినట్టు గుర్రుగుర్రుమని అరిచేవాడు. తిండి మానేశాడు. ఆడవాటి చుట్టూ తిరగడం, ఇంకో మగది ఇటు చూస్తే చాలు కొమ్ములు దించి మీదికి పోవడం, అదే పని. పోశెట్టి దానికి జబ్బు చేసిందని బెంగపడ్డాడు. నాకు మాత్రం దాని బాధ ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అర్బాబ్ అతిథుల్ని వెంటేసుకుని మూడు బండ్లలో వచ్చాడు. డేగలతో వేటకు పోతూ దారిలో ఆగారు. ఒకాయన చేతిలో తుపాకీ. ఆయనకు పెద్దోడి కొమ్ములు నచ్చాయి. అర్బాబ్ మర్యాద కొద్దీ, తీసుకోండి అన్నాడు. అయితే దొడ్డి చుట్టూ నీళ్ళ ట్యాంకూ మా గదులూ ఉన్నాయి, లోపల కాల్చడానికి వీల్లేదు. పడమటి గేటు తెరిచి బయట మైదానంలోకి తేవాలి. మదంలో ఉన్న మగది మేతకు రాదు, కానీ ఆడవి ఎటు పోతే అటు వస్తుంది. ఆడవి మనిషి వెంట వస్తాయి. కాబట్టి ఎవరో ఒకరు బకెట్టు పట్టుకుని ముందు నడిస్తే చాలు. ఎవరి వెంట వస్తాయని అర్బాబ్ అడిగాడు.

చిచ్చా ఆ రోజు పొద్దున్న మామూలుగానే నడిచిన మనిషి, అప్పటికప్పుడు మోకాలు పట్టుకుని కుంటడం మొదలుపెట్టాడు. తన కాలు పట్టేసిందని ఉర్దూ, అరబ్బీ కలిపి చెప్పాడు. పోశెట్టి రెండడుగులు ముందుకు వెయ్యబోతే, “నువ్వు పోయి మోటరు బంద్ చెయ్,” అని కసిరి పంపాడు. తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా, “యే జంగల్ కా ఆద్మీ హై. జింకల సంగతి ఇతనికే తెలుసు. ఇతని వెనకే వస్తాయి,” అన్నాడు.

ఆ క్షణం నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. దాని వెనక తుపాకీ ఉందన్న ధ్యాసే లేదు. అంతమంది ముందు, పోశెట్టిని పక్కకు పంపి, చిచ్చా నన్ను ఎంచుకున్నాడు. బకెట్టు నా చేతికిస్తూ మెల్లగా ఒక మాట అన్నాడు. “నీ ఇష్టం వచ్చినట్టు నడువు లింగా.” ఎప్పుడూ చెప్పే ‘మర్లి చూడకు’ అనే మాట అనలేదు. అది అప్పుడు నాకు తట్టలేదు. నేర్చుకున్నానన్న నమ్మకంతో అనలేదనుకున్నాను.

గేటు తెరిచారు. బకెట్టు తట్టుకుంటూ నడిచాను. వెనక గిట్టల మెత్తటి చప్పుడు మొదలైంది. వస్తున్నాయి! ఇంకొన్ని అడుగులు వేశాను. పెద్దోడి గుర్రుమనే అరుపు కూడా దగ్గరవుతున్నట్టుంది. గేటు దాటాను. ఎదురుగా అర్బాబ్, అతిథులు, ఎత్తిన తుపాకీ, ఆ పక్కన చిచ్చా. అందరి కళ్ళూ నా వెనక్కే ఉన్నాయి. వాళ్ళు చూస్తున్నదేమిటో నేనొక్కణ్ణే చూడకూడదా? తల తిప్పాను. ముందున్న ముసలి ఆడజింక గేటు దగ్గర కాలెత్తినది ఎత్తినట్టే ఆగింది. నా మొహం చూసింది. కాలు నేలకేసి కొట్టింది, ఒక్క అరుపు అరిచింది, అంతే. అన్నీ గాల్లోకి ఎగిరి వెనక్కి మళ్ళాయి. పెద్దోడు వాటిని చుట్టేసి దొడ్డి అవతలి మూలకు తోలుకుపోయాడు. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ తిరిగాను. ఇంకోసారీ అంతే. మొదట నవ్విన అతిథులు తర్వాత గడియారాలు చూసుకున్నారు. పొద్దు వాలింది. తుపాకీ ఆయన డేగల మాట ఎత్తాడు. “హాదా మాఫీ ఫాయిదా,” వీడివల్ల లాభం లేదు అని నన్ను చూపించి అర్బాబ్ అన్నాడు. “యల్లా,” అని అందరూ బండ్లెక్కారు. మర్నాడు పొద్దున్నే కంపెనీ పికప్ వచ్చి నన్ను సైటుకు తీసుకుపోయింది. చిచ్చా కుంటకుండా నడిచి వచ్చి నా పెట్టె బండిలో పెట్టాడు.

దోహాలో నజ్మా అనే పేటలో నాకిచ్చింది ఇరుకు గది, కింద హోటలు. శుక్రవారం నాడు నేను మంచం మీద మొహం తిప్పుకుని పడుకుని ఉంటే చిచ్చా వచ్చాడు. బలవంతంగా కిందికి తీసుకుపోయి పాలు లేని సులేమానీ చాయ్ చెప్పాడు.

“నా ఎంబడి రావని తెలిసే పంపినవు గద?” అన్నాను.

“తెలిసే పంపిన.”

“నన్ను బలిచ్చినవన్నట్టు.”

“అవును,” అన్నాడు, చాయ్ ఊదుకుంటూ. బుజ్జగింపు లేదు. “నీకు చేతిల సెంట్రింగ్ పని ఉన్నది. యాడికి పంపినా బతుకుతవ్. దానికి ఏ సైటున్నది రా?”

“పోశెట్టిని పంపకపోయినవా?”

“వాని ఎంబడి వస్తయి. నా ఎంబడి వస్తయి. నీ మీదనే నాకు భరోసా.” ఇంత పెద్ద పొగడ్త నా మీద ఎవరూ ఎన్నడూ విసరలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు, పోశెట్టి ఆ రోజు మోటరు గది వెనక కూర్చుని ఏడ్చాడని. వాడు ఏడ్చినందుకు కూడా నాకు కుళ్ళే పుట్టింది. ఆ ఏడుపు కూడా చిచ్చా చూశాడు కదా.

ఆ తర్వాత చాలా శుక్రవారాలు ఆయన నజ్మాకు వచ్చాడు. పెద్దోడి కబుర్లు చెప్పేవాడు. వసంతంలో కొమ్ములు రాలాయని, ఒకటి పొద్దున, ఇంకోటి ఎన్నాళ్ళకో రాలిందని, మళ్ళీ కొత్తవి మొలుస్తున్నాయని చెప్పేవాడు. రాలిన కొమ్ముల్లో ఒకటి నాకు తెచ్చిచ్చాడు, రెండోది పోశెట్టికి ఇచ్చాడట. జత విడగొట్టాలని ఆయనకు ఎలా అనిపించిందో! సైట్లో నన్ను మేస్త్రీని చేశారు. అప్పుడు నాకు ఆయన నడక పనికొచ్చింది. పని చెప్పి, నిచ్చెన ఎక్కి, వెనక ఎవడు వస్తున్నాడో చూడకుండా పైకి పోయేవాణ్ణి. వచ్చేవాళ్ళు. మనుషులు జింకలంత చూపున్నవాళ్ళు కాదు కాబోలు. దొడ్డి తాళాలు మాత్రం పోశెట్టికే దక్కాయి.

అందరం ఇంటికి చేరిన ఎన్నో ఏళ్ళకు నిర్మల్‌లో ఆయన కొట్టు వెతుక్కుంటూ పోయాను. ముసలివాడైపోయాడు, మిషన్ మాత్రం ఆపలేదు. నన్ను చూడగానే, “పోశెట్టి ఎట్లున్నడు?” అని అడిగాడు. కుర్చీ కూడా చూపించకముందే అడిగాడు! నేను ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది అడిగేశాను.

“చిచ్చా, ఇంకో ఏడు నన్ను అక్కడ ఉంచి ఉంటే, జింకలు నా ఎంబడి వచ్చేవా?”

ఆయన పెడల్ ఆపాడు. ఏదో ఒకటి చెప్పి పంపించవచ్చు. అబద్ధమాడితే పోయేదేమీ లేదు. నన్ను చూసి, “రాకపోవురా అని అంటే నీకు ఖుషీ అయితది. కానీ రావు,” అన్నాడు. “నీకు అందరు ఎంబడి రావాలె. వస్తరని మాత్రం నమ్మవు.” ఆ మాట అని మళ్ళీ పెడల్ తొక్కాడు. చాయ్ తాగి సెలవు తీసుకున్నాను. ఈసారైనా చూపిద్దామని, వీపు నిటారుగా పెట్టి, తిరగకుండా వీధి మూల దాకా నడిచాను. మూల తిరిగేముందు ఇక ఆగలేక చూశాను. ఆయన గడప మీద లేడు. లోపల ఎవరో కుర్రాడి భుజం కొలుస్తున్నాడు. ఆ కుర్రాడు ఎవడో తెలియదు, కానీ వాడి మీద కోపం ఆటో ఎక్కేదాకా పోలేదు.

చిచ్చా పోయి చాలా కాలమైంది. నాకు ఆయన మిగిల్చిపోయింది ఆ నడకే. పిల్లలకు చెప్పాల్సింది చెప్పి ముందుకు నడవడం, వస్తారో రారో వాళ్ళకే వదిలెయ్యడం. బయటికి బాగానే నడుస్తాను. లోపల మెడ ఎప్పుడూ వెనక్కే తిరిగి ఉంటుంది. పెద్దోడు ఆ సాయంత్రం నా వెంట గేటు దాటి ఉంటే తుపాకీ పేలేది, ఇసుకలో పడి చచ్చేవాడు. రాలేదు కాబట్టి బతికాడు, ఆ తర్వాత కూడా ఎన్నో శరత్తులు గుర్రుమన్నాడు. వాణ్ణి బతికించింది నా మెడే అని చిచ్చా అనేవాడు, అది నిజమే. అంతా తెలుసు నాకు. తెలిసి కూడా చెబుతున్నాను, వాడు నా వెంట రావలసింది.